చిన్న నోటికి తగ్గ ఎర: బ్లూగిల్ కోసం ఫ్లై కట్టడంలోని లెక్క

వేసవి సాయంత్రం అమెరికాలో ఏదైనా చెరువు గట్టున నిలబడి, నీటిమీద తేలే ఫ్లైని, అంటే కొక్కెం మీద కట్టిన కృత్రిమ ఎరను, మొదటిసారి విసిరినవారికి ఒక అనుభవం తప్పకుండా ఎదురవుతుంది. ఫ్లై పడిన క్షణంలోనే దాని చుట్టూ నాలుగైదు బ్లూగిల్ చేపలు చేరతాయి, ముద్దు పెట్టినట్టు చిన్న చప్పుడు వినిపిస్తుంది, రాడ్ ఎత్తితే కొక్కెం ఖాళీగా పైకి వస్తుంది. మళ్ళీ విసిరితే మళ్ళీ అదే చప్పుడు, అదే ఖాళీ కొక్కెం. గంటసేపు కష్టపడ్డాక చేతికి చిక్కినవి మూడువేళ్ళ వెడల్పు పిల్లచేపలే అయినప్పుడు, “బ్లూగిల్‌ను పట్టడం పిల్లలాట, దానికి ఏ ఫ్లై అయినా సరిపోతుంది” అని అందరూ చెప్పే మాటమీద అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం సరైనదే. ఏ ఫ్లై దగ్గరికైనా బ్లూగిల్ వస్తుందన్నంతవరకు ఆ మాట నిజం. వచ్చిన చేప దాన్ని నోట్లోకి తీసుకోగలదా, వచ్చినవాటిలో పెద్దది ముందుకు వస్తుందా అన్న ప్రశ్నలకు మాత్రం అందులో జవాబు లేదు. ఆ జవాబు చేప నోటి నిర్మాణంలో ఉంది. ఫ్లైని ఎంత చిన్నగా, ఎంత మెత్తగా, ఎంత నెమ్మదిగా దిగేలా కట్టాలన్నది అక్కడినుంచే తేలుతుంది.

ముందుగా పేర్ల సంగతి. పాన్‌ఫిష్ అన్నది జీవశాస్త్రం పెట్టిన పేరు కాదు. పెద్దయ్యాక కూడా వేపుడు పెనంలో ఇమిడిపోయే తినదగిన మంచినీటి చేపలన్నిటినీ అమెరికన్లు ఆ పేరుతో పిలుస్తారు. వాటిలో బ్లూగిల్, పంప్‌కిన్‌సీడ్, రెడియర్, గ్రీన్ సన్‌ఫిష్, క్రాపీ ఒకే సన్‌ఫిష్ కుటుంబానికి చెందినవి, ఎల్లో పెర్చ్ వేరే కుటుంబానిది. శాస్త్రజ్ఞులు లెపోమిస్ మాక్రోకైరస్ అని పిలిచే బ్లూగిల్ ఉత్తర అమెరికాలో రాకీ పర్వతాలకు తూర్పున ఉన్న నీళ్ళలో పుట్టి పెరిగిన చేప, ఇల్లినాయ్ రాష్ట్రానికి 1986 నుంచి అధికార చేప. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పెరుగుతుంది, పది అంగుళాల చేప దొరికితే ఆ రోజును చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. 1950 ఏప్రిల్‌లో అలబామాలోని కెటోనా సరస్సులో పట్టిన 4 పౌండ్ల 12 ఔన్సుల చేప పేరిట ప్రపంచ రికార్డు ఉంది.

ఫ్లై అంటే ఈగ అని అర్థమే గాని, ఈ విద్యలో ఆ మాటకు పరిధి పెద్దది. కొక్కెం మీద దారంతో ఈక, బొచ్చు, నూలు, రబ్బరు, ఫోమ్ వంటివి చుట్టి కట్టిన ఏ కృత్రిమ ఎరనైనా ఫ్లై అనే అంటారు. అది చీమలా, సాలీడులా, తూనీగ పిల్లపురుగులా, చిన్న చేపలా కనిపించవచ్చు, ఫలానా జీవిలా అసలు కనిపించకపోనూవచ్చు. మన పంటకాలువల దగ్గర గాలం వేసేవారికి బెండు, ఎర్ర, చిన్న సీసపు గుండు తెలుసు. అక్కడ గాలపు తాడును దూరం తీసుకుపోయేది గుండు బరువు, ఎర బరువు. ఫ్లైకి చెప్పుకోదగ్గ బరువు ఉండదు కాబట్టి ఆ బరువును తాడులోనే పెట్టారు. ఫ్లై లైను లావుగా, ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. దాని మొదటి 30 అడుగుల బరువునుబట్టి దానికి ఒక సంఖ్య ఇస్తారు. 4వ నంబరు లైనులో ఆ భాగం 120 గ్రెయిన్లు, అంటే దాదాపు 7.8 గ్రాములు తూగుతుంది, 5వ నంబరుది 140 గ్రెయిన్లు తూగుతుంది. రాడ్‌ను వెనక్కి ఊపి, లైను వెనకాల తిన్నగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు ఊపితే ఆ లైను తన బరువుతో తానే సాగి, కొసన ఉన్న తేలికైన ఫ్లైని వెంట తీసుకువెళుతుంది. బ్లూగిల్‌కు 3, 4, 5 నంబర్ల రాడ్లలో ఏదైనా చాలు. రాడ్ల చర్చకు దిగితే అంతుండదు, ఈ చేప విషయంలో దాని అవసరమూ పెద్దగా లేదు. శ్రద్ధ పెట్టవలసింది కొక్కెం దగ్గర.

బ్లూగిల్ నోరు శరీరంతో పోలిస్తే చాలా చిన్నది. ఆరంగుళాల చేప నోరు పూర్తిగా తెరిచినా ఆ రంధ్రం సుమారు ఒక సెంటీమీటరు వెడల్పే ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన లార్జ్‌మౌత్ బాస్ నోరు బారుగా తెరిచి ఆహారం మీదకు దూసుకువెళుతుంది. బ్లూగిల్ అలా చేయదు. ఆహారానికి రెండు మూడు అంగుళాల దూరంలో ఆగి, పక్క రెక్కలను మెల్లగా ఆడిస్తూ ఉన్నచోటే నిలబడి, దాన్ని పరిశీలించి, చివరికి దవడలను గొట్టంలా ముందుకు చాచి, నోటి లోపలి భాగాన్ని ఒక్కసారిగా వెడల్పు చేసి, నీటితోపాటు ఆహారాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ పీల్పు సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ కాలంలో ముగిసిపోతుంది. చేపలు పీల్చుకుని తినే తీరును అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో ఎక్కువగా ఎంచుకున్న చేపల్లో బ్లూగిల్ ఒకటి, ఆ పరిశోధనల్లో తేలిన ఒక విషయం ఫ్లై కట్టేవారికి ఎంతో పనికొస్తుంది. ఈ పీల్చే శక్తి నోటి ముందు మాత్రమే బలంగా ఉంటుంది. నోటి వెడల్పంత దూరం పోయేసరికి నీటి వేగం నోటి దగ్గరి వేగంలో ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. అంటే చేప ఫ్లైకి దాదాపు పెదవులు ఆనించేంత దగ్గరగా వచ్చాకే పీలుస్తుంది. ఆ ఒక్క పీల్పులో ఫ్లై నీటి ప్రవాహంతోపాటు కదిలి, ముడుచుకుని, సెంటీమీటరు రంధ్రంలో దూరిపోవాలి. దూరకపోతే మనకు వినిపించిన ఆ ముద్దు చప్పుడు మాత్రమే మిగులుతుంది.

దుకాణాల్లో బ్లూగిల్ పాపర్లు అని అమ్మే తేలే ఫ్లైలలో చాలావాటిని ఈ దృష్టితో చూస్తే ఖాళీ కొక్కేల రహస్యం విడిపోతుంది. బెండులాంటి గట్టి శరీరం కొక్కెం కాడకూ మొనకూ మధ్య ఉండే ఖాళీని దాదాపు నింపేసి ఉంటుంది, వెనుక అంగుళంన్నర పొడవు ఈకల తోక ఉంటుంది, పక్కలకు చాచిన రబ్బరు కాళ్ళు శరీరానికి రెండింతలు ఉంటాయి. చేప ఆ కాలినో తోక కొసనో పీల్చుకుని లాగుతుంది, కొక్కెం దాని నోటి దరిదాపులకు కూడా రాదు. ఇది చేప తెలివి కాదు, పట్టేవారి నిదానమూ కాదు. కొలత తప్పడం వల్ల జరిగేది. ఒక చిన్న కత్తెర తీసుకుని కాళ్ళను కొక్కెం పొడవుకు మించకుండా కత్తిరించి, తోకను సగం చేస్తే అదే పాపర్ అదే సాయంత్రం చేపలను పట్టడం మొదలుపెడుతుంది.

కొక్కేల సంఖ్యలు తలకిందులుగా నడుస్తాయని కొత్తవారు గమనించాలి: సంఖ్య పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. బ్లూగిల్‌కు 10, 12 నంబర్లు నా దృష్టిలో అన్నివిధాలా తగినవి, 8 మరీ పెద్దది, 14 కన్నా చిన్నవి కడితే చేప వాటిని గొంతుదాకా మింగేస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నోటికి పట్టాలంటే కొక్కెం చిన్నదై ఉండాలి, మింగిన కొక్కేన్ని చేపకు హాని లేకుండా తీయాలంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి బయటికి కనిపించాలి. అందుకే అనుభవజ్ఞులు వంపు చిన్నగా, కాడ మాత్రం కొంచెం పొడవుగా ఉన్న కొక్కేలను ఎంచుకుంటారు. కొక్కెం మొన వెనుక ఉండే ముల్లును కట్టడానికి ముందే శ్రావణంతో నొక్కి చదును చేసుకోవడం మంచిది. నొక్కినప్పుడు ఒకవేళ మొన విరిగితే పోయేది కొక్కెం ఒక్కటే, అరగంట కష్టపడి కట్టిన ఫ్లై కాదు.

చిన్నదిగా ఉండటం తర్వాత వచ్చేది దిగే వేగం, నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఆహారం ఎదుట నిలబడి చూసి నిర్ణయించుకునే చేపకు చూసే సమయం ఇవ్వాలి. పారే ఏళ్ళలో ఉండే ట్రౌట్ చేప కోసం కట్టే ఫ్లైలలో తలదగ్గర టంగ్‌స్టన్ పూస పెడతారు. టంగ్‌స్టన్ సాంద్రత నీటికి 19 రెట్లు, వేగంగా పారే ఏటి అడుగుకు ఫ్లైని చేర్చడానికి అది అవసరం. నిశ్చలమైన చెరువులో అదే పూస ఫ్లైని రాయిలా అడుగుకు తీసుకుపోతుంది, బ్లూగిల్ దాన్ని చూసి తల తిప్పేలోగానే అది నాచులో మునిగిపోతుంది. ఇత్తడి పూస అందులో సగం కన్నా తక్కువ బరువు, అది కొంత నయం. అన్నిటికన్నా మేలు సన్నని తీగ నాలుగైదు చుట్లు, అదికూడా కొక్కెం కాడ నడిమధ్యన. మధ్యలో బరువున్న ఫ్లై తలకిందులు కాకుండా అడ్డంగా, గాలి లేనప్పుడు రాలే ఆకులా దిగుతుంది, పక్కలకున్న మెత్తని కాళ్ళు నీటి ఒత్తిడికి పైకి లేచి ఆడుతుంటాయి. ఒకప్పుడు ఇందుకు సీసపు తీగ వాడేవారు. నీటి పక్షులకు సీసం విషం కాబట్టి ఇప్పుడు సీసం లేని తీగలు దొరుకుతున్నాయి, వాటినే వాడాలి.

ఈ లెక్కలన్నీ ఒకేచోట కలిసిన ఫ్లై, మునిగే సాలీడు. దాన్ని కట్టే తీరు వివరంగా చెప్పుకుంటే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. కాడ పొడవున్న 10వ నంబరు కొక్కేన్ని చిన్న వైస్‌లో బిగించి, కండెనుంచి వచ్చే దారంతో కాడ పొడవునా దగ్గరదగ్గరగా ఒక వరుస చుట్టాలి. ఈ మొదటి వరుస లేకపోతే పైన కట్టినదంతా నున్నని ఇనుము చుట్టూ బొంగరంలా తిరిగిపోతుంది. దానిమీద మధ్యలో తీగ నాలుగైదు చుట్లు వేసి, ముందూ వెనుకా దారంతో కట్టడి చేయాలి. తర్వాత శరీరం కోసం షెనీల్ కావాలి. షెనీల్ అంటే ఫ్రెంచిలో గొంగళిపురుగు. నడుమ రెండు దారాల పురి, దానిచుట్టూ మెత్తని నూగు ఉండే ఆ పోగును చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. దాని కొసన గోటితో నూగును కొంత గీకేసి, లోపలి దారం బయటపడ్డాక ఆ దారాన్ని మాత్రమే కొక్కేనికి కట్టాలి. నూగుతో సహా కడితే అక్కడ బొడిపె వస్తుంది, ఆ బొడిపే కొక్కెం ఖాళీని తినేస్తుంది. షెనీల్‌ను ముందుకు చుట్టుకుంటూ వచ్చి, కాడలో మూడొంతుల దూరంలో ఆపి, అక్కడ రెండు వైపులా రబ్బరు కాళ్ళను గుణకారపు గుర్తులా కట్టాలి. కాళ్ళకు ముందు షెనీల్‌ను మరో చుట్టు చుడితే తల అవుతుంది, కాళ్ళు వెనక్కు వాలకుండా పక్కలకు నిలుస్తాయి. చివర వేసే ముడిని విప్ ఫినిష్ అంటారు. దారపు కొసను దాని సొంత చుట్ల కిందుగా పోనిచ్చి లాగడమే అందులోని కిటుకు. మామూలు ముడిలా అది పైన కనిపించదు, నీటిలో నానినా ఊడదు.

కట్టిన ఫ్లైని పెట్టెలో పెట్టేముందు ఒక బకెట్టు నీళ్ళలో వేసి చూడాలని నేను గట్టిగా చెబుతాను. చేతిలో అందంగా ఉన్న ఫ్లై నీళ్ళలో పక్కకు ఒరిగి దిగవచ్చు, కాళ్ళు శరీరానికి అంటుకుపోవచ్చు, అసలు మునగకపోవచ్చు. షెనీల్‌లో చిక్కిన గాలి పోవడానికి ముందు దాన్ని నీళ్ళలో వేళ్ళతో ఒకసారి పిండాలి. ఆ తర్వాత కూడా తల కిందికి పెట్టి దిగితే తీగ మరీ ముందుకు జరిగిందని అర్థం. ఇలా చూసుకుని సరిచేసుకుంటూ కట్టిన ఐదో ఆరో ఫ్లైకి చేతికే లెక్క అలవాటవుతుంది.

తేలే సాలీడుకు లెక్క మారుతుంది. 2 మిల్లీమీటర్ల మందం ఫోమ్‌లో మూసుకుపోయిన గాలి బుడగలు ఉంటాయి, అది తేలడానికి అవే కారణం. దారాన్ని బలంకొద్దీ బిగిస్తే ఆ బుడగలు నలిగి తేలే గుణం తగ్గిపోతుంది, ఒక్కోసారి దారమే ఫోమ్‌ను కోసేస్తుంది. మొదటి రెండు చుట్లు వదులుగా వేసి, మూడో చుట్టునుంచి క్రమంగా బిగించాలి. ఫోమ్ ముక్కను కొక్కెం ఖాళీ ఎంత ఉందో అంతకు మించని వెడల్పుతో కత్తిరించుకుని, కాడకు పైవైపున మాత్రమే ఉండేలా కట్టాలి. కింది వైపు పూర్తిగా ఖాళీగా ఉండాలి. కొక్కెం మొన చేప నోటిని పట్టేది ఆ ఖాళీలోనే. పైభాగంలో పసుపో తెలుపో ఒక చిన్న ఫోమ్ ముక్క అదనంగా పెడితే సంధ్యవేళ మన కంటికి ఆనుతుంది, కిందినుంచి చూసే చేపకు అది కనిపించదు.

ఈకల విషయంలో తెలుగువారికి సులభంగా అర్థమయ్యే తేడా ఒకటి ఉంది. పుంజు మెడ ఈకలు బిరుసుగా, నిగనిగలాడుతూ ఉంటాయి, నీటిమీద నిలబడే ఫ్లైలకు అవి కావాలి. పెట్ట ఈకలు మెత్తగా, నీటిని పీల్చుకునేలా ఉంటాయి, నీటిలోపల చిన్న కదలికకే ఊగే ఫ్లైలకు అవి కావాలి. అమెరికాలో ఈకల కోసమే ప్రత్యేకంగా పుంజులను పెంచడం పెరగకముందు, మన దేశం నుంచి వెళ్ళిన కోడి మెడ చర్మాలు ఇండియన్ నెక్ అనే పేరుతో ఫ్లై దుకాణాల్లో మామూలు సరుకు. బ్లూగిల్‌కు పుంజు ఈక అవసరం అంతగా రాదు, పెట్ట ఈక ఒకటి రెండు చుట్లు చాలు. మారబూ అనే మరో మెత్తని ఈకకు ఆ పేరు ఒక కొంగ జాతినుంచి వచ్చినా, ఇప్పుడు దొరికేదంతా టర్కీ కోడి నూగే. ఇక నెమలి పింఛపు పోగులు. కాంస్యం, ఆకుపచ్చ కలిసిన ఆ మెరుపుకు సాటివచ్చే కృత్రిమ పదార్థం ఇంతవరకు నా కంటపడలేదు, చిన్న ఫ్లైల శరీరానికి అది ఎంతో బాగుంటుంది. అయితే పోగు పెళుసు, బ్లూగిల్ నోట్లోని సన్నని పళ్ళకు త్వరగా తెగుతుంది, అందుకని మూడు నాలుగు పోగులను దారంతో కలిపి పురిపెట్టి చుట్టాలి. ఊరినుంచి తిరిగి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్న పింఛాన్ని పెట్టెలో పెట్టుకుందామని అమెరికా తెలుగువారికి అనిపించవచ్చు. భారతదేశం నుంచి నెమలి ఈకల ఎగుమతి నిషిద్ధం, రాలిన ఈకలైనా సరే. ఫ్లై దుకాణంలో చట్టబద్ధంగా అమ్మేది కొనుక్కోవడమే మంచిది.

రంగు గురించి వాదనలు చాలా ఉన్నాయి. నలుపు, ముదురు ఆకుపచ్చ, పసుపు, ఈ మూడింటిలో కట్టుకున్నవారికి మరొకటి కావలసిన అవసరం నాకు కనబడలేదు. పరిమాణమూ దిగే వేగమూ సరిగా ఉంటే రంగు చివరి మాట.

ఇక “ఏ ఫ్లై అయినా చాలు” అన్న మాటలో సగం నిజం ఎక్కడనుంచి వచ్చిందో చూద్దాం. 1974లో ఎర్ల్ వెర్నర్, డొనాల్డ్ హాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బ్లూగిల్‌కు డాఫ్నియా అనే సూక్ష్మమైన నీటి జీవులను వేర్వేరు పరిమాణాల్లో, వేర్వేరు సంఖ్యల్లో పెట్టి చూశారు. ఆహారం తక్కువగా ఉన్నప్పుడు చేపలు చిన్నా పెద్దా చూడకుండా ఎదురైనదల్లా తిన్నాయి, ఆహారం సమృద్ధిగా ఉన్నప్పుడు చిన్నవాటిని వదిలేసి పెద్దవాటినే ఎంచుకున్నాయి. చేపలు కిక్కిరిసి, తిండికి కటకటలాడే చెరువులో దేన్ని వేసినా పట్టుకోవడానికి, పురుగులు పుష్కలంగా ఉన్న సరస్సులో పెద్ద బ్లూగిల్ ఫ్లై ముందు అరనిమిషం నిలబడి వెనుదిరగడానికి ఇదే వివరణ. అదే శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలిసి 1983లో మరో సంగతి చూపించారు: బాస్ తిరిగే చెరువులో చిన్న బ్లూగిల్‌లు తిండి తక్కువైనా ప్రాణభయంతో ఒడ్డునున్న నీటిమొక్కల్లోనే ఉండిపోతాయి, బాస్ మింగలేనంత పెద్దవయ్యాకే తిండి ఎక్కువగా ఉన్న తావులకు స్వేచ్ఛగా వెళతాయి. గట్టున నిలబడి కాళ్ళ ముందు కనిపించే మొక్కల్లోకి ఫ్లై విసిరేవారికి ఎప్పుడూ పిల్లచేపలే ఎందుకు పడతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. గుడ్లుపెట్టే కాలం మినహా, పెద్దవి మొక్కల వరుసకు అవతలి అంచున, నాలుగు నుంచి పది అడుగుల లోతులో ఉంటాయి.

కాబట్టి తేలే ఫ్లైకి ఉదయం, సంధ్య సమయాలు కేటాయించి, మిగతా పగలంతా మునిగే సాలీడుతో ఆ అంచును వెతకాలి. లైను తేలేదే ఉండాలి. దాని కొసన లీడర్ అనే ఏడున్నర నుంచి తొమ్మిది అడుగుల సన్నని దారం, దాని చివర ఫ్లైని కట్టే టిప్పెట్ అనే ఇంకా సన్నని దారం 4ఎక్స్ లేక 5ఎక్స్‌ది చాలు. ఈ ఎక్స్ సంఖ్యలకు ఒక పాత లెక్క ఉంది: పదకొండులోంచి ఆ సంఖ్యను తీసివేస్తే దారం మందం అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులో వస్తుంది, అంటే 4ఎక్స్ మందం అంగుళంలో వెయ్యింట ఏడు వంతులు. ఫ్లై పడ్డాక చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండటం, కొత్తవారికి అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే. ఫ్లై దిగుతుండగా మనసులో అంకెలు లెక్కపెడుతూ, లైను నీటిని తాకే చోటును చూస్తూ ఉండాలి. బ్లూగిల్ పీల్చుకున్నప్పుడు చేతికి ఏమీ తెలియదు. లైను కొస ఒక అంగుళం పక్కకు జరుగుతుంది, లేదా దిగుతున్న లీడర్ మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు రాడ్‌ను కొంచెం ఎత్తితే చాలు. పదో అంకె దగ్గర చేప పడితే తర్వాతి విసురులో కూడా పది దాకా లెక్కపెట్టాలి, చేపలు ఆ లోతులో గుంపుగా నిలిచి ఉంటాయి. తేలే ఫ్లైతోనూ ఇదే ఓపిక కావాలి: పడినచోట పుట్టిన వలయాలు పూర్తిగా చెదిరిపోయేదాకా కదిలించకుండా ఉంచి, తర్వాత కాళ్ళు మాత్రమే వణికేంత చిన్నగా లాగాలి.

మిగతా పాన్‌ఫిష్‌లకు ఈ లెక్కలో కొద్ది మార్పులు చేసుకోవాలి. క్రాపీ నోరు పెద్దది, పెదవుల చుట్టూ ఉన్న పొర కాగితంలా పలచన. అది చిన్న చేపలను వేటాడుతుంది, తనకన్నా పైన ఉన్నదాన్ని చూస్తుంది. దానికి మారబూ తోకతో 6, 8 నంబర్ల ఫ్లైలు కట్టి, మునిగిన చెట్ల కొమ్మల పక్కన, చేపలున్న లోతుకు కొంచెం పైగా నెమ్మదిగా నడిపించాలి. కొక్కెం పడ్డాక గట్టిగా లాగితే ఆ పొర చిరిగిపోతుంది. రెడియర్, పంప్‌కిన్‌సీడ్ చేపలకు గొంతులో నత్తగుల్లలను నలిపే బలమైన పళ్ళున్నాయి, రెడియర్‌ను అందుకే గుల్లలు పగలగొట్టేదని పిలుస్తారు. అవి అడుగును వదలవు, వాటి కోసం అదే సాలీడును మరో రెండు చుట్ల తీగతో కట్టి నేలమీద పాకించాలి. ఎల్లో పెర్చ్ కూడా ఎక్కువగా అడుగునే గుంపులుగా తిరుగుతుంది, చిన్న చేపలాంటి ఫ్లై దానికి ఇష్టం. గ్రీన్ సన్‌ఫిష్ నోరు పెద్దది, దూకుడు ఎక్కువ, దానికి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

బ్లూగిల్ పట్టడానికి అన్నిటికన్నా సులభమైన కాలం గుడ్లుపెట్టే కాలం, ఆలోచించి నడుచుకోవలసిన కాలం కూడా అదే. నీటి వేడి 67 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 19 డిగ్రీల సెల్సియస్ దాటాక మగచేపలు ఒడ్డుకు దగ్గరగా, ఇసుకా గులకరాళ్ళూ ఉన్నచోట తోకతో ఊడ్చి గుండ్రని గూళ్ళు తవ్వుతాయి. ఒకదాని పక్కన ఒకటి పదుల సంఖ్యలో ఉండే ఆ గూళ్ళు పైనుంచి చూస్తే తేనెపట్టులా కనిపిస్తాయి. ఆడచేప గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. మగచేప వారం పది రోజులు దాదాపు తిండి మానేసి, రెక్కలతో గుడ్లకు నీటిని విసురుతూ, దగ్గరికి వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. పిల్లల గుంపును వెంటబెట్టుకుని కాపాడే మన కొరమీనును చూసినవారికి ఈ పట్టుదల కొత్తకాదు. ఆ సమయంలో గూటిమీద పడిన ఏ ఫ్లైనైనా అది కొరుకుతుంది, ఆకలితో కాదు, కాపలా కాస్తూ.

ఆ కాపలా చేపలను ఒక్కొక్కటిగా బకెట్టులో వేసుకుంటే చెరువుకు జరిగే నష్టం పోయిన గుడ్లతో ఆగదు. కెనడాలోని ఒంటారియోలో ఓపినికన్ సరస్సు చేపలను పరిశీలించిన మార్ట్ గ్రాస్, మగ బ్లూగిల్‌లలో వేర్వేరు జీవితమార్గాలు ఉన్నాయని చూపించారు. గూడు కట్టి కాపలా కాసే మగచేప అక్కడ ఏడేళ్ళ వయసుకు గాని సంతానానికి సిద్ధం కాదు, అన్నాళ్ళూ శరీరాన్ని పెంచుకుంటుంది. మరికొన్ని మగవి రెండు మూడేళ్ళకే ఈడుకు వచ్చి, పెరగడం దాదాపు ఆపేసి, పెద్దవాటి గూళ్ళలోకి దొంగతనంగా చొరబడి గుడ్లను ఫలదీకరిస్తాయి. పెద్ద మగచేపలు తరిగిపోయిన నీళ్ళలో, ఎదిగే మార్గంలో ఉన్న మగచేపలు కూడా పోటీ లేకపోవడంవల్ల చిన్న వయసులోనే, చిన్న పరిమాణంలోనే సంతానానికి దిగుతాయి, వాటి ఎదుగుదల అక్కడితో మందగిస్తుంది. ఒకప్పుడు తొమ్మిదంగుళాల చేపలున్న సరస్సు అయిదంగుళాల చేపలతో నిండిపోవడం వెనుక ఉన్న ముఖ్యమైన కారణాల్లో ఇది ఒకటి. మిన్నెసోటా రాష్ట్రంలో మనిషికి రోజుకు 20 సన్‌ఫిష్‌ల సాధారణ పరిమితి ఉండగా, మంచి పరిమాణపు చేపలు ఎదిగే అవకాశమున్న సరస్సులను ఎంచి, అక్కడ దాన్ని 10కి, కొన్నిచోట్ల 5కి తగ్గించడం ఈ ఆలోచనతోనే జరిగింది.

ఏది పడితే అది తిని బతకగలిగే గుణం ఈ చేపను తన సొంత నీళ్ళకు బయట ప్రమాదకరం చేస్తుందని కూడా చెప్పాలి. 1960లో అమెరికా వెళ్ళిన అప్పటి జపాన్ యువరాజు అకిహితోకు షికాగో మేయరు బ్లూగిల్‌లను బహూకరించారు. ఆహారంగా పెంచవచ్చన్న ఆశతో ఆయన వాటిని స్వదేశానికి తీసుకువెళ్ళి పరిశోధనా సంస్థకు ఇచ్చారు. అవి కాలక్రమాన జపాన్ సరస్సుల్లోకి చేరి, బివా సరస్సులో స్థానిక చేపలకు ముప్పుగా మారాయి. స్వయంగా చేపల శాస్త్రజ్ఞుడైన అకిహితో, చక్రవర్తిగా 2007లో ఆ విషయమై బహిరంగంగా బాధ వ్యక్తం చేశారు. పట్టిన చేపను పట్టిన నీళ్ళలో తప్ప మరో చెరువులో వదలకూడదన్న నియమం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి. చేపలు పట్టడానికి ఆయా రాష్ట్రపు లైసెన్సు, స్థానిక పరిమితుల వివరాలు ముందుగా చూసుకోవడం ఎలాగూ తప్పదు.

పెనంలోకి కావాలంటే ఆరేడు అంగుళాల చేపలు అవసరమైనన్ని ఉంచుకోవచ్చు, వాటి రుచికి పెద్దవి ఏ రకంగానూ మించవు. గూటిమీద పట్టిన, నుదురు ఉబ్బి రొమ్ము రాగిరంగుకు తిరిగిన పెద్ద మగచేపను మాత్రం వదిలేయాలి. చేతిని ముందు నీళ్ళలో తడిపి, తలవైపునుంచి తోకవైపుకు మెల్లగా జార్చుతూ వెన్నుముళ్ళను వాల్చి పట్టుకుంటే అవి గుచ్చుకోవు, చేప ఒంటిమీది జిగురుపొరా పోదు. ముల్లు చదును చేసిన కొక్కెం చిన్న పటకారుతో ఒక్క మలుపుకు ఊడి వస్తుంది. ఈ పని నీళ్ళలోనే, ఆలస్యం లేకుండా జరగాలి, ఎందుకంటే కాపలా లేని గూటిలోని గుడ్లను పక్క గూళ్ళ దగ్గర తిరిగే బ్లూగిల్‌లే కొన్ని నిమిషాల్లో తినేస్తాయి. వేళ్ళ మధ్యనుంచి జారిన చేప చాలాసార్లు లోతుకు పారిపోకుండా నేరుగా తన గూటికి వెళ్ళి, వాటిని తరమడం మొదలుపెడుతుంది.